తిరుగుటపా ధర్మము

మౌనము అర్ధాంగీకారమని మన పెద్దల మాట. పెండ్లిచూపులనాడు పిల్ల తల వంచుకొని యూరకున్నచో ఆ యూరకుండుటనే సమ్మతిగా గ్రహించి ముహూర్తములు పెట్టించిన యిండ్లు మనము చూడనివి కావు. దానివలన కలిగిన దుఃఖములెన్నియో సంస్కారప్రియులగు మన చదువరులకు క్రొత్తగా చెప్ప బనిలేదు. అయితే లోకమున మఱియొక చోటు కలదు. అచ్చట మౌనమునకు అర్థము సగము సమ్మతి కాదు, నిండు నిరాకరణము. అది పత్రికా కార్యాలయము. కథ వ్రాసి పంపినవాడు నెలల తరబడి యెదురుచూచి, ప్రత్యుత్తరము రాకపోవుటయే ప్రత్యుత్తరమని తనంతట తానే తెలిసికొనవలెను. ఈ యాచారము ధర్మమా, అధర్మమా యను ప్రశ్న కొందఱకు చిన్నదిగా కనబడవచ్చును. మాకట్లు తోచలేదు. ఈ విషయమున మాయందును ఒక దోషము కలదు. దానిని దాచి పరులను నిందించుట తగదు గనుక ముందుగానే ఒప్పుకొనుచున్నాము. వివరము తరువాత వచ్చును.

మొన్నమొన్నటివఱకు కథ పంపుట యనగా నొక చిన్న యజ్ఞము. తెల్లకాగితమునకు ఒకవైపుననే వ్రాయవలెను. ఎడమప్రక్క అంచు విడువవలెను. నకలు తీసి తనయొద్ద నుంచుకొనవలెను. ఈ కథ నా స్వంతము, అనువాదము గాని అనుసరణము గాని కాదు, మఱి యే పత్రికయందును పరిశీలనలో లేదు అని సంతకము చేసిన హామీపత్రము జతపఱుపవలెను. తిరుగుటపాకు తగిన స్టాంపులంటించి, తన చిరునామా తానే వ్రాసిన కవరొకటి లోపల మడిచి పెట్టవలెను. తన యోటమిని తన యింటికి మోసికొనివచ్చు కవరుపై తన పేరు తానే వ్రాసికొను పని కథకునికి దప్ప మఱి యే వృత్తివానికిని లేదని మా నమ్మకము. నేడు ఆ శ్రమ చాలవఱకు తగ్గినది. మెయిలులో పంపుదురు, వాట్సాపులో పంపుదురు. టపాశాఖవారు సహితము 2025లో రిజిస్టర్డు పోస్టును స్పీడు పోస్టులో కలిపివేసిరి. హామీపత్రము మాత్రము పోలేదు, మౌనమును పోలేదు. కవరు తిరిగివచ్చు దినములలో ఆ రాకచేతనైనను సంగతి తెలిసెడిది. ఇప్పు డా పాటి ఆదరువును లేదు.

మేము విశాఖపట్టణమున కాపురముండువారము. సాయంకాలము సముద్రపుటొడ్డున నిలిచినచో, రేవులోనికి పిలుపు కొఱకు దూరమున లంగరు వేసియున్న ఓడలు కనబడును. ఈ రేవు 1933లో తెఱవబడినది. నాటినుండియు ఓడలు వేచియుండుచునే యున్నవి. బెర్తు ఖాళీ లేనిచో ఎంతటి ఓడయైనను ఆగవలసినదే. అందు అన్యాయమేమియు లేదు. కాని ఆ వేచియుండుటకు ఒక లెక్క కలదు. సరకు ఎక్కించుటకో దించుటకో ఒప్పుకొన్న గడువు దాటెనా, ఓడను బాడుగకు గొన్నవారు దాని యజమానికి దినమునకింతయని డెమరేజి చెల్లింపవలెను. బొగ్గునకును, ఇనుప ఖనిజమునకును, ఎరువుల బస్తాలకును వేచియున్న కాలము వెల గలది. మనుష్యుని మనస్సు కన్న సరకునకు మాత్రమే డెమరేజి లేదు. సంపాదకులు జరిమానాలు కట్టవలెనని మేము కోరుట లేదు. కట్టుటకు వారియొద్ద ధనమును లేదు. ఒకరి కాలమును మఱియొకరు పట్టియుంచినచో దానికి జవాబుదారీ యుండునను తెలివి రేవులో కూలివానికిని గుమాస్తాకును ఉన్నది, మన సాహిత్యలోకమున లేదని చెప్పుటయే మా యభిప్రాయము.

వ్రాతప్రతి పంపుట యనగా నేమి? అమ్మకమా? దానమా? రెండును కావు. మన ప్రాచీన వ్యవహారశాస్త్రమున పదునెనిమిది వివాదపదములు గలవు. మొదటిది ఋణము, రెండవది నిక్షేపము, అనగా ఒకరియందు నమ్మకముంచి దాచుకొన్న వస్తువు. మనుధర్మశాస్త్రముతో మనకు వేఱు తగవులెన్నియో యున్నవి, వానిని విడుతుము గాక. కాని ఈ నిక్షేపవిషయమున అది చెప్పిన మాట యొకటి తూకము తప్పనిది. దాచుమని యిచ్చిన వస్తువును తిరిగి యీయనివాడును, ఈయకయే ఇచ్చితినని యడుగువాడును, ఇరువురును దొంగలవలె దండ్యులని దాని మతము. తప్పు రెండు వైపులను ఉండగలదని నాడే గ్రహించిరి. వ్రాతప్రతియు నిట్టి నిక్షేపమే. దేశపు చట్టమును దీనికి తోడుగానే యున్నది: 1957 నాటి కాపీరైటు చట్టము ప్రకారము కృతిపై హక్కు వ్రాతమూలకముగా ఇచ్చిననే కాని యొకరినుండి యొకరికి పోదు. కథను పంపినంతమాత్రమున అది పత్రికవారి సొత్తు కాదు. సొత్తు కానిదానిని తమయొద్ద నుంచుకొన్నవారికి, ఉంచుకొన్నామనియో వలదనియో చెప్పు బాధ్యత గలదు.

ఇచ్చట నొక భేదమును గమనింపవలెను. కథ యేల నచ్చలేదో చెప్పుట సంపాదకుని దయ. నచ్చలేదని చెప్పుట ఆయన యప్పు. క్రొత్త రచయితలు పెక్కుమంది ఈ రెంటిని కలగాపులగము చేసి, కారణములు వ్రాయలేదని సంపాదకులపై కోపింతురు. కారణము చెప్పుటకు సంపాదకుడు గురువు కాడు. మూడు వందల కథలు చదువువాడు ప్రతిదానికిని విమర్శ వ్రాయబూనినచో పత్రిక వెలువడదు. అచ్చగుటకు ఏ రచయితకును హక్కు లేదు; ఎంత గొప్పవానికైనను లేదు. జవాబు పొందుటకు మాత్రము ఎంత అనామకునికైనను హక్కు కలదు.

పూర్వకాలమున ఈ చిక్కు మఱియొక విధముగ నుండెడిది. కవి సభకు పోయి ప్రభువు నెదుట చదివెడివాడు. కృతిభర్త వినక తప్పదు. మెచ్చినను మెచ్చకున్నను ఆ ముఖముననే తెలిసిపోయెడిది. ఆ యేర్పాటున అవమానము లెన్ని యుండినను, జవాబు లేకపోవుట యను అవమానము లేదు. అచ్చుయంత్రము వచ్చి ప్రభువు స్థానమున సంపాదకుని కూర్చుండబెట్టెను. ద్వారము విశాలమయ్యెను, నిజమే. కాని ద్వారము వెనుక నున్న ముఖము కనబడకపోయెను.

ఆ విశాలమైన ద్వారము వలన కలిగిన మేలును మఱచుట కృతఘ్నత. ఈ మండలమువాడే యైన గురజాడ అప్పారావుగారి "దిద్దుబాటు" కథ 1910లో బందరు నుండి వెలువడు "ఆంధ్రభారతి" యందు అచ్చయినది. ఆ పత్రికను నడపినవారు తరువాత గ్రంథాలయోద్యమమునకు మూలపురుషులైన అయ్యంకి వెంకటరమణయ్యగారు. అప్పటికి వారికి ఇరువదేండ్లయినను నిండలేదు. కథకుడు నలువదియేడేండ్ల వాడు, "కన్యాశుల్కము"చే పేరొందినవాడు. వ్రాసినది వాడుక మాటలలో, వ్రాసిన ప్రక్రియ ఇంకను పేరు స్థిరపడనిది. అచ్చువేసినవాడు బాలుడు. సంపాదకత్వమునకు వయస్సుతో పనిలేదని మాకు తోచుటకు ఈ యొక్క నిదర్శనము చాలును. క్రొత్తదానిని చూచి జడియకుండుటే అచ్చట కావలసినది.

నవలల సంగతి వేఱు. తెలుగునవల పోటీలలో పెరిగినది. 1890లలో "చింతామణి" పత్రికవారు నవలలకు బహుమానములు పెట్టగా చిలకమర్తి లక్ష్మీనరసింహముగారి "రామచంద్రవిజయము" 1894లో అట్లు బహుమతి పొందినదే. మఱి నలువదేండ్లకు మా యూరనే, వాల్తేరు కొండలమీద నప్పటికి క్రొత్తగా కుదురుకొనుచున్న ఆంధ్రవిశ్వకళాపరిషత్తువారు నవలల పోటీ పెట్టిరి. 1934 నాటి యా పోటీకి వచ్చిన వ్రాతప్రతులలో విశ్వనాథ సత్యనారాయణగారి "వేయిపడగలు" ఒకటి, అడివి బాపిరాజుగారి "నారాయణరావు" ఒకటి. వేయి పుటలకు సమీపించు ఆ మొదటి నవలను విశ్వనాథవారు ఇరువదితొమ్మిది దినములలో ఆశువుగా చెప్పుచుండగా వారి తమ్ముడు వెంకటేశ్వర్లుగారు వ్రాసిరి. (చెప్పినవాని పేరు లోకమెరుగును, ఆ తమ్ముని వ్రేళ్ళ నొప్పిని తలచినవారు తక్కువ.) పరీక్షకులు బహుమానమును రెండు కృతులకును పంచి యిచ్చిరి.

ఆ పంపకమును గూర్చి నేటికిని వాదములు గలవు. ఇది గొప్పది, అది తక్కువది, పంచుట పిఱికితనమని యొకరు, కాదని యొకరు. మాకు మాత్రము దానియందు న్యాయము కనబడుచున్నది. కూలిపోవుచున్న యొక లోకమును గూర్చి శోకించు గ్రంథమును, రానున్న లోకమును గూర్చి ఆశపడు గ్రంథమును ఒకే త్రాసున తూచుట యెట్లు? తూచలేమని యొప్పుకొనుటకు ధైర్యము కావలెను. అంతకంటె ముఖ్యమైన మాట యొకటి. పోటీయందు రచయితకు గడువున్నట్లే పరీక్షకునికిని గడువు గలదు. ఫలితము ప్రకటింపక తప్పదు. ఓడినవానికి ఓడితినని తెలియును. మాసపత్రికలందును వారపత్రికలందును గడువు రచయితకు మాత్రమే. పోటీలను నిరసించువారు చాలమంది యున్నారు, మేమును నిరసింతుము. అయినను ఈ యొక్క గుణమును వానినుండి పత్రికలు నేర్చుకొనవచ్చును.

సంపాదకుల పక్షము వినకుండుట న్యాయము కాదు. 1924లో పుట్టిన "భారతి" 1991 వఱకు మాత్రమే నిలువగలిగినది. తరువాత వచ్చినవానిలో పెక్కు దానికంటె ముందే పోయినవి. 2020 నాటి మహమ్మారిలో అచ్చు నిలిపి మఱి లేవని వారపత్రికలును గలవు. మిగిలినచోట్ల ఒక్క ఉపసంపాదకుడే కథలు చదువును, ప్రూఫులు దిద్దును, రాశిఫలములు కూర్చును. అట్టివాని బల్లపై గుట్టలుగా పడిన కథలకు తానొక్కడే జవాబు వ్రాయలేకపోవుట మేమెఱుగని విషయము కాదు. కాని మెయిలు వచ్చిన పిదప ఆ సమాధానము బలహీనమైనది. "మీ కథను ప్రచురింపలేకపోవుచున్నాము" అను వాక్యమొకటి ముందే వ్రాసి పెట్టుకొని పంపుటకు పట్టు కాలము, ఆ కథను తెఱచి మూయుటకు పట్టు కాలముకంటె తక్కువ. అదియును చేతకానిచో, ఇన్ని నెలలలో మావలన కబురు రానిచో కథ మాకు వలదని యెంచుకొనుడని పత్రికపైననే అచ్చువేయవచ్చును. అప్పుడు మౌనమునకే యొక తేదీ యేర్పడును. తేదీ గల మౌనము మౌనము కాదు, జవాబే. కొన్ని పత్రిక లీ పద్ధతిని పాటించుచున్నవి. వానిపై మాకు తగవు లేదు.

ఇంక రచయిత ధర్మము. ఒక కథను ఒకేసారి రెండు మూడు పత్రికలకు పంపువారు గలరు. అడిగినచో అందఱును అదే చేయుచున్నారందురు. మఱి యే పత్రికయందును పరిశీలనలో లేదని సంతకము చేసి, అదే దినమున మఱియొకరికిని పంపుట అబద్ధము. సంపాదకుని నిర్లక్ష్యము దానిని సత్యముగా మార్చదు. ఇంతవఱకు మాకు సందేహము లేదు. సందేహము వచ్చునది దీని తరువాతనే. ఆ హామీకి కాలపరిమితి యెంత? ఏడాది గడిచినది, రెండేండ్లు గడిచినవి, రెండు జాబులకును జవాబు లేదు. ఇప్పుడును ఆ రచయిత బద్ధుడేనా?

జేన్ ఆస్టిన్ అను ఆంగ్లరచయిత్రి వృత్తాంతము ఇచ్చట చెప్పదగినది. 1803లో ఆమె "సూసన్" అను నవల లండనులోని క్రాస్బీ యను ప్రచురణకర్తకు పది పౌనులకు అమ్మబడినది. ఆయన అచ్చువేయలేదు. ఆఱేండ్లు గడిచిన పిదప ఆమె మాఱుపేరుతో జాబు వ్రాసి, ప్రతి పోయినదేమో, వలసినచో మఱియొకటి పంపుదును, లేదేని వేఱొకరి కిత్తునని తెలిపెను. జవాబు వెంటనే వచ్చినది: అచ్చువేయుదుమని మేము గడువేదియు నొప్పుకొనలేదు, మఱెవరైన అచ్చువేసినచో అడ్డగింతుము, ఇచ్చిన పది పౌనులు తిరిగి యిచ్చినచో ప్రతిని తీసికొనవచ్చును. 1816లో గాని ఆమె దానిని తిరిగి కొనుట సంభవింపలేదు. 1817 జూలైలో ఆమె మరణించెను. ఆ సంవత్సరాంతమున ఆ నవల "నార్తాంగర్ అబ్బీ" యను పేర వెలువడెను. క్రాస్బీ చెప్పిన ప్రతి మాటయు ఒప్పందమునకు సరిపోవునదే కావచ్చును. ఆమె బ్రతికియుండగా ఆ పుస్తకమును చేతపట్టి చూడలేదనుటయు నిజమే. గడువు లేని కట్టుబాటు ఒప్పందము కాదు, వెట్టి. కావున మా తీర్పిది: పత్రిక చెప్పిన గడువు ముగియువఱకు రచయిత కదలరాదు, గడువే చెప్పనిచో న్యాయమైన కాలము, ఆరు నెలలనుకొందము, ఆగి, కథను వెనుకకు తీసికొనుచున్నానని యొక్క జాబు వ్రాసి, స్వేచ్ఛగా మఱియొకచోటికి పంపవచ్చును. ఆ జాబు మాత్రము వ్రాసి తీరవలెను. దానిని వ్రాయనివాడు తాను నిందించు మౌనమునే తానును పాటించినవాడగును.

పాశ్చాత్యదేశములలో రచయితకును ప్రచురణకర్తకును నడుమ ఏజెంటు అను మధ్యవర్తి యుండును. లండనులో ఏ. పి. వాట్ అను నతడు 1875 ప్రాంతమున ఈ వృత్తిని నెలకొల్పి నూటికి పది వంతులు పుచ్చుకొనెడివాడు. మన దక్షిణాదివాడే యైన ఆర్. కె. నారాయణ్‌గారికి ఆ పనిని స్నేహమే చేసినది. ఇంగ్లండులోని మిత్రుడు వ్రాతప్రతిని గ్రాహమ్ గ్రీను చేతికిచ్చుటచే వారి తొలినవల 1935లో వెలువడెను. తెలుగున ఈ వృత్తి వేళ్ళూనలేదు. దాని బదులు మనకు వేఱొక జాతి మధ్యవర్తులు బయలుదేఱిరి: నీ పుస్తకము గొప్పది, ఇంత సొమ్ము కట్టినచో అచ్చువేసి ఆవిష్కరణ చేయింతుమనువారు. స్వంత ఖర్చుతో అయిదు వందల ప్రతులు వేయించుకొనుట దోషము కాదు; మన నవలలలో మంచివి కొన్ని యట్లే వచ్చినవి. పొగడ్తను వెలకట్టి అమ్ముట దోషము. సొమ్ము పాఠకునినుండి రచయితవైపునకు ప్రవహింపవలెను. ఎదురు ప్రవహించుచో ఏదో మోసమున్నదని మన పడుచువారు గ్రహింపవలెను.

మన పత్రికను చదువు గృహిణులకు ఈ ప్రశ్న వీథిలోనిది కాదు, ఇంటిలోనిది. 1902లో "హిందూసుందరి" పత్రికయందు భండారు అచ్చమాంబగారి "ధనత్రయోదశి" కథ వెలువడిన నాటినుండి స్త్రీలు కథలు పంపుచునే యున్నారు. మగవాని కథ తిరిగివచ్చినచో అతడు కవరును సొరుగులో వైచి కాఫీ హోటలునకు పోవును. ఆడుదాని కథ తిరిగివచ్చినచో టపావాడు దానిని వీథియరుగుమీద మామగారి చేతికిచ్చును. ఆ పూట కూర మాడినచో దానికి కారణము కథ. పిల్లవానికి మార్కులు తగ్గినచో దానికిని కథయే. పత్రికవారు వలదనినది ఒక్కసారి. ఇంటివారు వలదనునది దినదినమును. కావుననే మాఱుపేరు చాటున దాగినవారెందఱో. మాఱుపేరు మగవారికిని చుట్టమే. ఈ యూరి న్యాయవాది రాచకొండ విశ్వనాథశాస్త్రిగారు తొలినాళ్ళలో "జాస్మిన్" మున్నగు పేళ్ళతో వ్రాసిరి. వారికది ముచ్చట. స్త్రీకది కవచము. సంపాదకుని మౌనము ఎవరియందు ఎంత బరువుతో పడునో యాతనికి తెలియదు. తెలియదు గనుకనే యాతడు దానిని తేలికగా వాడరాదు.

ఇంక మా దోషము. కొన్నియేండ్ల క్రిందట ఈ యూరి సంఘమొకటి కథల పోటీ పెట్టి, తొలి వడపోతకు మమ్ము నియమించెను. వచ్చిన కట్టలో గీతల నోటుపుస్తకపు కాగితములపై వ్రాసిన కథ యొకటి యుండెను. ఉక్కు కర్మాగారమునకు 1971లో శంకుస్థాపన జరిగిన పిదప భూములు పోయిన యూళ్ళలో నొక యూరి కథ. ఒక ముసలమ్మ ప్రహరీగోడ వెంట నడచుచు, తమ నూయి గోడకు లోపల ఎచ్చట నుండవలెనో అడుగులు లెక్కపెట్టుకొనును. భాష మోటు, అక్షరదోషములు మెండు, ముగింపు అతుకు. బహుమతికి నిలువదు, పాఱవేయుటకు చేయి రాదు. తరువాత చూతమని బీరువాలో పెట్టితిమి. ఫలితములు వెలువడినవి, సభ జరిగినది, ఆ సభయందు సంపాదకుల నిర్లక్ష్యమును గూర్చి మేమే యుపన్యసించితిమి. నాలుగేండ్లకు ఇల్లు మాఱునప్పుడు ఆ కవరు బయటపడెను. లోపల తిరుగుటపా కవరు, స్టాంపులతో సహా, మడత విడకుండ నుండెను.

టపాలో పంపుటకు సిగ్గుపడి, గాజువాక దాటి, నిర్వాసితుల కాలనీలో ఆ చిరునామా వెదకికొని పోతిమి. ఆమె నడివయస్సు దాటినది. చేతులు తుడుచుకొని కవరందుకొని, ముందుగా స్టాంపులను చూచెను.

"ఇవి వాడలేదేమండీ?"

మాయొద్ద జవాబు లేదు. ఆమెయే మాట మార్చి, "చదివేరా మేస్టారూ?" అనెను.

"చదివేనమ్మా, రెండు సార్లు."

"అయితే చెప్పండి. ఎలాగుంది?"

నాలుగేండ్ల యాలస్యమునకు క్షమాపణ చెప్పుకొందమని పోయిన మేము, ఆ గడపలో కుర్చీ వేయించుకొని కథను గూర్చి చెప్పవలసి వచ్చెను. అడుగులు లెక్కపెట్టు ఘట్టము మఱపురానిదనియు, చివర మనుమనికి కర్మాగారమున ఉద్యోగము వచ్చి అందఱును సంతోషించుట మాత్రము నమ్మశక్యముగా లేదనియు చెప్పితిమి. ఆమె కొంతసేపు కాగితములవైపు చూచుచు ఊరకుండెను.

"నాకూ నచ్చలేదండి ఆ ముగింపు. పోటీకంటే మంచిగా ముగించాలని మావోళ్ళన్నారు" అని, పెన్సిలు తెమ్మని లోపలనున్న కూతును కేక వేసెను.